నగర పోలీసు శాఖకు కొత్త ఫోరెన్సిక్ ప్రయోగశాల: ప్రణాళిక ఎలా వేయాలి

కొత్త ఫోరెన్సిక్ ప్రయోగశాలకు ప్రతిపాదన తయారుచేసే బాధ్యత మీకు అప్పగించారని తెలిసిన వారంలోపే పరికరాలు అమ్మే కంపెనీల ప్రతినిధులు మీ కార్యాలయం మెట్లెక్కడం మొదలుపెడతారు. వారి బ్రోచర్లు తీసుకోండి, టీ ఇప్పించి పంపండి, వాటిని ఒక ఏడాది పాటు బీరువాలో ఉంచండి. ప్రణాళిక యంత్రంతో మొదలు కాకూడదు. పోలీసు స్టేషనులో లక్క సీలు వేసిన ఒక పార్సిల్‌తో మొదలు కావాలి. హత్య జరిగిన ఇంట్లో మధ్యవర్తుల సమక్షంలో స్వాధీనం చేసుకున్న రక్తపు మరకల చొక్కా ఒకటి ఉందనుకోండి. దాన్ని కానిస్టేబుల్ ఎక్కడ అప్పగిస్తాడు, ఎవరు సీలు సరిచూస్తారు, పరీక్ష వంతు వచ్చేదాకా ఎక్కడ ఉంటుంది, ఎవరు ఏ గదిలో విప్పుతారు, కత్తిరించిన ముక్క ఎటు పోతుంది, మిగిలిన చొక్కా ఏ దారిన తిరిగి స్టేషనుకు చేరుతుంది అన్న ప్రశ్నలకు వరసగా జవాబులు రాసుకుంటే మీ భవనం నక్షా సగం తయారైనట్టే. ఈ వ్యాసంలో ప్రతి దశలోను ఆ పార్సిల్ వెంటే నడుద్దాం.

మొదటి దశ: ల్యాబు చట్టం దృష్టిలో ఎవరిదో తేల్చుకోండి

స్థలం చూడకముందే తేలవలసిన విషయం ఇది. మన దేశంలో పూర్తి స్థాయి ఫోరెన్సిక్ ప్రయోగశాలలు ప్రధానంగా రాష్ట్ర ప్రభుత్వాల కిందా కేంద్ర ప్రభుత్వం కిందా ఉన్నాయి. కమిషనరేట్ల చేతిలో ఉండేవి సాధారణంగా నేరస్థలంలో ఆధారాలు సేకరించే క్లూస్ టీములు, వేలిముద్రల విభాగాలు, సైబర్ ల్యాబులు. భారతీయ నాగరిక సురక్షా సంహిత 329వ సెక్షన్ ప్రకారం కొందరు ప్రభుత్వ శాస్త్ర నిపుణుల నివేదికను, వారిని బోనులోకి పిలవకుండానే, కోర్టు సాక్ష్యంగా స్వీకరించవచ్చు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇదే 293వ సెక్షన్. ఆ జాబితాలో కేంద్ర, రాష్ట్ర ఫోరెన్సిక్ సైన్స్ ప్రయోగశాలల డైరెక్టరు, డిప్యూటీ డైరెక్టరు, అసిస్టెంట్ డైరెక్టరు ఉన్నారు. కమిషనరేట్ ల్యాబు అధికారి లేడు. కాబట్టి మీ ముందు రెండు దారులున్నాయి. ల్యాబును రాష్ట్ర ఫోరెన్సిక్ ప్రయోగశాలకు ప్రాంతీయ శాఖగా ఏర్పాటు చేయడం ఒకటి. సొంతంగా ఏర్పాటు చేసి, నివేదికలపై సంతకం చేసే నిపుణులను అదే సెక్షన్ కింద ప్రభుత్వం చేత నోటిఫై చేయించడం రెండోది. ఈ రెండూ చేయకపోతే ప్రతి నివేదికకూ నిపుణుడు స్వయంగా కోర్టుకు వెళ్లి నిలబడాల్సి వస్తుంది. ఎలక్ట్రానిక్ సాక్ష్యం విషయంలో అదనంగా సమాచార సాంకేతిక చట్టం 79ఏ సెక్షన్ కింద కేంద్ర ప్రభుత్వ గుర్తింపు కోసం దరఖాస్తు పెట్టుకోవాలి.

నా అభిప్రాయం మొదటి దారి వైపే మొగ్గుతుంది. కారణం సెక్షన్ల సౌకర్యం ఒక్కటే కాదు. దర్యాప్తు చేసేవారే పరీక్ష ఫలితం చెప్పేవారి పదోన్నతులను, సెలవులను, బదిలీలను నిర్ణయిస్తుంటే ఆ ఫలితాన్ని డిఫెన్సు న్యాయవాది ప్రశ్నించడం న్యాయమే. అమెరికాలోని హ్యూస్టన్ నగర పోలీసు శాఖ ల్యాబు చరిత్ర ప్రణాళిక వేసే ప్రతి అధికారీ చదవదగినది. అక్కడ డీఎన్ఏ విభాగాన్ని, బయటివారు చేసిన ఆడిట్ తరువాత, 2002 చివర్లో మూసివేయవలసి వచ్చింది. సిబ్బంది శిక్షణలో లోపాలు, నమూనాలు కలుషితమయ్యే పద్ధతులు మాత్రమే కాదు, సాక్ష్యాలు ఉన్న చోట పైకప్పు కారుతున్న సంగతి కూడా బయటపడింది. ఆ ల్యాబు నివేదిక ఆధారంగా శిక్ష పడిన ఒక యువకుడు, మళ్లీ చేసిన పరీక్షలో నిర్దోషి అని తేలి, నాలుగేళ్లకు పైగా జైలులో గడిపాక 2003లో విడుదలయ్యాడు. చివరకు ఆ నగరం 2012లో ప్రత్యేక సంస్థను ఏర్పాటు చేసి, 2014లో ల్యాబు బాధ్యతను పోలీసు శాఖ నుంచి దానికి అప్పగించింది. ల్యాబులను పోలీసు, ప్రాసిక్యూషన్ అదుపు నుంచి వేరు చేయాలని అమెరికా జాతీయ పరిశోధనా మండలి 2009 నివేదిక సిఫారసు చేసింది. మన ప్రతిపాదనలో దీన్ని ఒక్క వాక్యంలో చెప్పవచ్చు: పరిపాలనా అవసరాలు కమిషనరు చూస్తారు, శాస్త్రీయ నివేదిక విషయంలో ల్యాబు అధిపతి రాష్ట్ర ఫోరెన్సిక్ డైరెక్టరుకు మాత్రమే జవాబుదారీ. ఈ వాక్యం ప్రభుత్వ ఉత్తర్వులోకి ఎక్కేదాకా తరువాతి దశకు వెళ్లవద్దు.

రెండో దశ: కేసులను కాదు, వస్తువులను లెక్కపెట్టండి

నగరంలో ఏడాదికి ఎన్ని హత్యలు జరిగాయన్న సంఖ్య ఉపయోగపడదు. ఒక హత్య కేసు నుంచి మూడు వస్తువులు రావచ్చు, ముప్పై కూడా రావచ్చు. గత ఐదేళ్లలో మీ స్టేషన్ల నుంచి ఫోరెన్సిక్‌కు వెళ్లిన లెటర్ ఆఫ్ అడ్వైజ్‌లను (పరీక్ష కోరుతూ వస్తువులతో పాటు పంపే లేఖలను) బయటికి తీయించి, ప్రతిదానిలో ఎన్ని మెటీరియల్ ఆబ్జెక్టులు (సాక్ష్యపు వస్తువులు) ఉన్నాయో, ఏ విభాగానికి వెళ్లాయో, నివేదిక ఎన్ని రోజులకు వచ్చిందో పట్టిక వేయించండి. విసుగు పుట్టించే పనే, కానీ ఇద్దరు హెడ్ కానిస్టేబుళ్లను రెండు నెలలు దీని మీద కూర్చోబెడితే తరువాత కోట్ల రూపాయల పొరపాటు తప్పుతుంది. లెక్క ఎంత కఠినంగా ఉంటుందో చూడండి: ఒక విభాగానికి నెలకు 60 వస్తువులు వస్తూ, అది 50 మాత్రమే పరీక్షించగలిగితే, ఏడాది తిరిగేసరికి 120 వస్తువులు పెండింగులో ఉంటాయి, ఆ తరువాత వచ్చిన ప్రతి పార్సిల్ రెండు నెలలకు పైగా వంతు కోసం ఎదురు చూస్తుంది.

పాత లెక్కకు కొత్త చట్టం భారాన్ని కలపండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న నాగరిక సురక్షా సంహిత 176వ సెక్షన్ మూడో ఉపసెక్షన్ ప్రకారం, ఏడేళ్లు లేదా అంతకు మించిన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు నేరస్థలానికి వెళ్లి సాక్ష్యాలు సేకరించాలి, ఆ ప్రక్రియను వీడియో తీయించాలి. దీన్ని పూర్తిగా అమల్లోకి తేవడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల వ్యవధి ఇచ్చారు. నిపుణుడు స్వయంగా వెళ్లిన చోట సేకరించే వస్తువుల సంఖ్య పెరుగుతుంది, తగ్గదు. డీఎన్ఏ నమూనాలను సేకరించిన 48 గంటల్లో ల్యాబుకు చేర్చాలని సుప్రీంకోర్టు 2025లో ఆదేశించింది. అందువల్ల ఆదివారం సాయంత్రం కూడా పార్సిల్ తీసుకునేవారు ఉండాలి. అంటే స్వీకరణ కౌంటరుకు మూడు షిఫ్టుల సిబ్బందిని ఇప్పుడే లెక్కలో చేర్చుకోవాలి. విశాఖపట్నం వంటి నగరానికైతే ఆంధ్రా ఒడిశా సరిహద్దు నుంచి వచ్చే గంజాయి కేసుల వల్ల మాదకద్రవ్యాల విభాగం భారం మిగిలిన నగరాల కంటే వేరుగా ఉంటుంది. హైదరాబాదు పట్టికను తెచ్చి అక్కడ అతికిస్తే పొరపాటే.

మూడో దశ: ఏయే విభాగాలు వద్దో ముందు నిర్ణయించండి

నగర ల్యాబులో అన్నీ ఉండాలన్న కోరిక సహజం, కానీ ఖర్చుకు తగిన పని లేని విభాగం నెమ్మదిగా చచ్చిపోతుంది. మొబైల్ ఫోన్లు, కంప్యూటర్లు, సీసీ కెమెరాల రికార్డర్లు పరీక్షించే డిజిటల్ విభాగం, జీవశాస్త్రం మరియు డీఎన్ఏ, మాదకద్రవ్యాలతో కూడిన రసాయన విభాగం, విష పరీక్షల విభాగం, వేలిముద్రలు అనే ఐదూ నగరానికి తప్పనిసరి. తుపాకీ కేసులు మన నగరాల్లో తక్కువ కాబట్టి తుపాకులు, తూటాలు పరీక్షించే బాలిస్టిక్స్‌ను రాష్ట్ర ల్యాబుకే వదిలేయడం మంచిదని నేనంటాను. పత్రాల పరీక్షకు ఒక గది చాలు. లై డిటెక్టరు, నార్కో పరీక్షల గదుల మీద పెట్టుబడి పెట్టే ముందు, నిందితుడి సమ్మతి లేకుండా అవి చేయరాదని సెల్వి కేసులో 2010లోనే సుప్రీంకోర్టు చెప్పిన సంగతి ఉన్నతాధికారులకు గుర్తు చేయండి. ప్రారంభోత్సవం నాడు చూపించడానికి ఆ గదులు బాగుంటాయి, అంతే.

నాలుగో దశ: స్థలం

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్ నగర్ తదితర ప్రాంతాలు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. 2020 అక్టోబరు వానల్లో హైదరాబాదు కాలనీలు మునిగాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖలో కిటికీల అద్దాలను, కరెంటు స్తంభాలను లెక్క లేకుండా పడగొట్టింది. మన పార్సిల్ ఈ మూడు రోజులనూ తట్టుకునే చోట ఉండాలి. కాబట్టి సెల్లారులో సాక్ష్యాల గది పెట్టవద్దు, అక్కడ సర్వర్లు, జనరేటర్లు, విద్యుత్ ప్యానెళ్లు కూడా పెట్టవద్దు. సాక్ష్యాల గది పైన బాత్రూములు, నీటి ట్యాంకు, డాబా ఉండకుండా చూడండి. సముద్రపు గాలి తగిలే ఊరిలో ఏసీ బయటి యూనిట్లు, ఎగ్జాస్టు గొట్టాలు తుప్పు పట్టని లోహంతో ఉండాలని టెండరులోనే రాయండి.

పాత కమిషనరు కార్యాలయంలో ఖాళీగా ఉన్న పై అంతస్తును ల్యాబుకు ఇస్తామని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఫోరెన్సిక్ శాస్త్ర ఆద్యుల్లో ఒకరైన ఎడ్మండ్ లొకార్డ్ 1910లో ఫ్రాన్సులోని లియాన్ న్యాయస్థానం అటకపై గదుల్లో తన పోలీసు ల్యాబును మొదలుపెట్టాడు, నిజమే. కానీ ఆయనకు ఫ్యూమ్ హుడ్ల (రసాయన ఆవిర్లను పీల్చి బయటికి పంపే అరల) ఎగ్జాస్టు గొట్టాలు, పీసీఆర్ (డీఎన్ఏ ముక్కల ప్రతులను పెంచే ప్రక్రియ) గదులు అవసరం పడలేదు. కార్యాలయం కోసం కట్టిన భవనంలో పైకప్పుల మధ్య ఎత్తు గాలి గొట్టాలకు చాలదు, స్లాబు బరువు మోయదు. ఫ్లైఓవరు, రైలు మార్గం పక్కన ఉంటే సూక్ష్మదర్శిని కింద దృశ్యం వణుకుతుంది. సాయుధ రిజర్వు మైదానంలో ఫైరింగ్ రేంజి పక్కన కూడా వద్దు: తుపాకీ పేల్చినప్పుడు వెలువడే సీసం, బేరియం, యాంటిమొనీ కణాలు గాలిలోను, పోలీసుల చేతుల మీద, యూనిఫారాల మీద తిరుగుతుంటాయి, అవే కణాలను నిందితుడి చేతి మీద వెతకవలసిన గది అక్కడే ఉంటే ఫలితానికి అర్థముండదు. బాలిస్టిక్స్ పెట్టకపోయినా ఈ నియమం పాటించండి, పదేళ్ల తరువాత ఎవరైనా దాన్ని తెచ్చి చేర్చవచ్చు.

విస్తీర్ణానికి అమెరికా ప్రణాళికల్లో చాలాకాలంగా వాడుతున్న లెక్క ఒకటుంది: ఒక్కో ఉద్యోగికి మొత్తం భవనంలో 700 నుంచి 1,000 చదరపు అడుగులు. నలభై మంది సిబ్బందికి 28,000 నుంచి 40,000 చదరపు అడుగులన్నమాట. ఈ సంఖ్య చూసి ఫైనాన్స్ విభాగం వారు నవ్వుతారు. గోడల మందం, గాలి గొట్టాలు, సాక్ష్యాల గదులు, ఎయిర్ లాక్‌లు కలిపిన లెక్క ఇదని వివరించండి.

ఐదో దశ: గదులను పార్సిల్ నడక క్రమంలో గీయండి

ఇక్కడే ఎక్కువ సమయం వెచ్చించండి. భవనాన్ని మూడు మండలాలుగా చూడండి: బయటివారు రాగలిగేది, సిబ్బంది మాత్రమే తిరిగేది, పరీక్షలు జరిగేది. స్టేషను నుంచి వచ్చిన కానిస్టేబుల్ మొదటి మండలం దాటి లోపలికి అడుగు పెట్టకూడదు. అతనికి కూర్చునే చోటు, మంచినీళ్లు, మరుగుదొడ్డి ఇవ్వండి. నేను చూసిన చాలా నక్షాల్లో అతన్ని మెట్ల మీద నిలబెట్టారు. కౌంటరులో సీలు ముద్రను నమూనా ముద్రతో పోల్చి, ఫొటో తీసి, బరువు చూసి, బార్‌కోడ్ అంటించాలి. ఆ క్షణం నుంచి పార్సిల్ ఎవరి చేతిలో ఉందో కంప్యూటరులోను, రిజిస్టరులోను కనిపించాలి. సీలు పగిలి ఉన్నా, తడిగా ఉన్నా, లెటరులోని వివరాలు సరిపోకపోయినా తిప్పి పంపే అధికారం కౌంటరు సిబ్బందికి రాతపూర్వకంగా ఉండాలి. ఢిల్లీలోని ఛావ్లా హత్య కేసులో నమూనాలు రోజుల తరబడి పోలీసు స్టేషను మాల్ఖానాలో (స్వాధీనం చేసుకున్న వస్తువులు ఉంచే గదిలో) ఉండటాన్ని, డీఎన్ఏ నివేదికకు ఆధారమైన పద్ధతిని కింది కోర్టులు పరిశీలించకపోవడాన్ని సుప్రీంకోర్టు 2022లో ఎత్తిచూపి నిందితులను విడుదల చేసింది. నివేదిక ఎంత బాగున్నా పార్సిల్ నడక తెగితే కేసు తెగుతుందని మీ ఇంజనీరుకు కూడా చెప్పండి.

కౌంటరు పక్కనే ఆరబెట్టే గది ఉండాలి. తడి రక్తపు బట్టలను ప్లాస్టిక్ కవరులో మూస్తే బూజు పడుతుంది, డీఎన్ఏ చెడుతుంది. వాటిని వడపోసిన గాలి వచ్చే క్యాబినెట్లలో విడివిడిగా ఆరబెట్టి కాగితపు సంచుల్లో పెట్టాలి. బాధితురాలి బట్టలకూ నిందితుడి బట్టలకూ వేరు క్యాబినెట్లు ఉండాలి, వీలైతే వేరు గదులే ఉండాలి. విసెరా (విష పరీక్ష కోసం మృతదేహం నుంచి తీసిన అవయవ భాగాల) సీసాల గోదాముకు ప్రత్యేక ఎగ్జాస్టు పెట్టండి. పోస్టుమార్టం నుంచి ఉప్పు నీటి సంతృప్త ద్రావణంలో వచ్చిన సీసాలు వందల్లో చేరితే వాసన ఎంత దూరం పోతుందో అక్కడ పనిచేసినవారికి చెప్పనక్కరలేదు. ఆ గది పక్కన క్యాంటీను గీసిన నక్షాను నేను ఒకసారి చూశాను.

డీఎన్ఏ విభాగంలో ఒకే నియమం అన్నిటికంటే ముఖ్యం: పార్సిల్ ముందుకే నడవాలి, వెనక్కి రాకూడదు. మరకను పరీక్షించే గది, డీఎన్ఏ వెలికితీసే గది, పీసీఆర్ మిశ్రమం కలిపే గది ఒక వైపు ఉండాలి. పీసీఆర్ యంత్రం, సీక్వెన్సర్ ఉన్న గది మరో వైపు ఉండాలి. పీసీఆర్‌లో ఒక్కో ముక్క కోట్ల ప్రతులుగా పెరుగుతుంది కాబట్టి అక్కడి గాలిలో ఒక తుంపర వెనక్కి వచ్చినా రేపటి కేసులో నిన్నటి నిందితుడు కనిపిస్తాడు. ముందు గదుల్లో గాలి ఒత్తిడి బయటి కంటే ఎక్కువగా, పీసీఆర్ తరువాతి గదిలో తక్కువగా ఉండాలి, రెండింటి ఏసీ యూనిట్లు వేరుగా ఉండాలి. కోట్లు, గ్లవ్సు, పిపెట్లు, చివరికి పెన్నులు కూడా ఏ గదివి ఆ గదిలోనే ఉండాలి. నేరస్థలంలో దొరికిన నమూనాలను, అనుమానితుల నుంచి తీసిన నమూనాలను ఒకే బల్ల మీద ఒకే పూట విప్పకూడదు. ల్యాబులో పనిచేసేవారందరి డీఎన్ఏ ప్రొఫైళ్లు, స్వీపర్లు, ఏసీ మెకానిక్కులతో సహా, వారి సమ్మతితో ముందే రికార్డు చేయించండి. ఏదో ఒక రోజు తెలియని ప్రొఫైల్ ఒకటి కనిపిస్తుంది, అది ఎవరిదో ఆ జాబితా చెబుతుంది.

డిజిటల్ విభాగంలో పార్సిల్ ఒక ఫోను. అది రేడియో సంకేతాలు అందని గదిలో విప్పాలి, లేకపోతే దూరం నుంచే దాన్ని ఎవరైనా తుడిచివేయగలరు. అసలులో ఏమీ మారకుండా ఆపే రైట్ బ్లాకరు వంటి సాధనంతో నకలు తీసి, హ్యాష్ విలువ (డేటా మారితే తానూ మారిపోయే గుర్తింపు సంఖ్య) లెక్కించి, అసలును మూసివేసి నకలు మీదే పని చేయాలి. భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కోరే ధ్రువపత్రంలో నిపుణుడు నింపవలసిన భాగం, హ్యాష్ విలువ రాయవలసిన చోటు ఉన్నాయి. ఆ పత్రం సాఫ్ట్‌వేరు నుంచే ముద్రితమయ్యేలా ఏర్పాటు చేసుకోండి. స్టోరేజీ కోసం మొదటి ఏడాది అవసరానికి మూడు రెట్లు అడగండి, అది కూడా తక్కువే అవుతుంది.

రసాయన విభాగానికి ఎగ్జాస్టే ప్రాణం. ఫ్యూమ్ హుడ్ ముఖద్వారం వద్ద గాలి వేగం సెకనుకు దాదాపు అర మీటరు ఉండాలి, ఆ గాలి తిరిగి గదిలోకి రాకూడదు. హైడ్రోజన్, నైట్రోజన్, హీలియం సిలిండర్లను భవనం బయట తాళం వేసిన చోట పెట్టి గొట్టాల ద్వారా తేవాలి. స్వాధీనమైన మాదకద్రవ్యాల గదికి రెండు తాళాలు, ఇద్దరు అధికారుల దగ్గర విడివిడిగా ఉండాలి. పరీక్ష చేసేవారే దాని నిల్వదారుగా ఉండకూడదు.

ఆరో దశ: కరెంటు, చలి, వ్యర్థాలు

జనరేటరు ఆన్ కావడానికి పట్టే నిమిషంలో సున్నితమైన యంత్రం ఆగిపోతే ఆ విడత నమూనాలన్నీ పోతాయి, కాబట్టి యూపీఎస్ తప్పనిసరి. డీప్ ఫ్రీజర్లకు అలారం పెట్టి, అది అర్ధరాత్రి ఎవరి ఫోనుకు మోగాలో పేరుతో సహా రాయండి. ఒకే కంపెనీకి చెందిన రెండు ఫ్రీజర్లు రెండు వేరు విద్యుత్ లైన్ల మీద ఉండాలి. జీవ వ్యర్థాలకు, ప్రమాదకర రసాయన వ్యర్థాలకు 2016 నాటి నిబంధనలు వేరువేరుగా ఉన్నాయి. రెండింటికీ అనుమతులు భవనం పూర్తయ్యేలోపు తీసుకోవాలి.

ఏడో దశ: డబ్బు, మనుషులు

భవనానికీ యంత్రాలకూ డబ్బు ఒకసారి దొరుకుతుంది. డీఎన్ఏ కిట్లకు, రిఫరెన్స్ స్టాండర్డ్లకు (పోల్చి చూసే ప్రామాణిక నమూనాలకు), సాఫ్ట్‌వేరు లైసెన్సులకు, నిర్వహణ ఒప్పందాలకు ఏటా కావాలి. కిట్లకు గడువు తేదీలుంటాయి. ఆర్థిక సంవత్సరం చివర్లో ఒకేసారి కొన్న కిట్లు సగం వాడకముందే గడువు తీరిపోవడం, మిగిలిన సగం ఏడాది యంత్రం ఖాళీగా ఉండటం మన ల్యాబుల్లో మామూలు. అందువల్ల యంత్రం టెండరులోనే పదేళ్ల నిర్వహణ ధర, విడతలవారీ కిట్ల సరఫరా చేర్చండి. ఫోరెన్సిక్ సామర్థ్యాల ఆధునికీకరణకు కేంద్ర హోం శాఖ పథకం 2,080.50 కోట్ల రూపాయలతో 2022లో మంజూరైంది. రాష్ట్ర హోం శాఖ ద్వారా అలాంటి కేంద్ర పథకాల కింద అడిగేవాటిని సొంత బడ్జెట్ నుంచి అడిగేవాటితో కలపకుండా ప్రతిపాదనలో విడిగా చూపండి.

నియామకాలు పునాది రాయితో పాటే మొదలు కావాలి. కొత్తగా చేరిన శాస్త్ర సహాయకుడు సంతకం చేయగల స్థాయికి రావడానికి పర్యవేక్షణలో చాలా కేసులు చేయాలి. హైదరాబాదు రామంతాపూర్‌లోని కేంద్ర ఫోరెన్సిక్ ప్రయోగశాల, ఉప్పల్‌లోని డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ కేంద్రం దగ్గర్లో ఉన్న మనకు శిక్షణ గురించి మాట్లాడటం మిగిలిన రాష్ట్రాల కంటే సులువు. నిపుణుడు కోర్టులో గడిపే రోజులను అతని పని దినాల నుంచి ముందే తీసివేసి సిబ్బంది లెక్క వేయండి. నాగరిక సురక్షా సంహిత 530వ సెక్షన్ విచారణను ఎలక్ట్రానిక్ పద్ధతిలో జరపడానికి వీలిస్తుంది కాబట్టి శబ్దం రాని ఒక చిన్న సాక్ష్యపు గదిని నక్షాలో చేర్చితే సగం ప్రయాణాలు తగ్గవచ్చు.

ఎనిమిదో దశ: తలుపులు తెరిచే ముందు

యంత్రం బిగించిన రోజు ల్యాబు సిద్ధం కాదు. ప్రతి పద్ధతినీ మీ గదిలో, మీ యంత్రం మీద, మీ మనుషులతో సరిచూసి నమోదు చేయాలి. ఐఎస్ఓ/ఐఈసీ 17025 ప్రమాణం కింద ఎన్ఏబీఎల్ (ప్రయోగశాలలకు గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు పొందడానికి ఆ రికార్డులు, బయటి సంస్థలు పంపే నైపుణ్య పరీక్షల ఫలితాలు కావాలి. వీటికి కనీసం ఒక ఏడాది కేటాయించండి, ఆ ఏడాదిలో కేసులు తీసుకోమని వచ్చే ఒత్తిడిని రాతపూర్వకంగా తిరస్కరించండి. విభాగాలన్నీ ఒకేసారి తెరవనక్కరలేదు. డిజిటల్, మాదకద్రవ్యాల విభాగాలు ముందు, డీఎన్ఏ చివర అన్న క్రమం చాలా నగరాలకు సరిపోతుంది.

చివరి పరీక్ష మీరే చేయండి. ఎవరికీ చెప్పకుండా ఒక స్టేషను నుంచి నకిలీ కేసు పార్సిల్ ఒకటి తయారు చేయించండి: ఒక చొక్కా మీద మీ సొంత రక్తపు చుక్క, లెటరులో కావాలని ఒక తప్పు వివరం. రాత్రి పదకొండు గంటలకు దాన్ని కౌంటరుకు పంపండి. తప్పును ఎవరైనా పట్టుకున్నారా, పార్సిల్ ఎన్ని చేతులు మారింది, ప్రతి చేతికీ సంతకం, సమయం ఉన్నాయా, మిగిలిన చొక్కా సీలుతో తిరిగి వచ్చిందా చూడండి. తిరుగు కౌంటరును చాలామంది మరచిపోతారు. పరీక్ష పూర్తయిన వస్తువులను స్టేషన్లు తీసుకెళ్లకపోతే సాక్ష్యాల గది మూడేళ్లలో నిండిపోతుంది. నివేదికతో పాటే వస్తువు వెళ్లాలని, ముప్పై రోజుల్లో తీసుకెళ్లని స్టేషను పేరు కమిషనరు నెలవారీ సమీక్షలో చదవాలని ఉత్తర్వు తయారు చేసి, ప్రారంభోత్సవం నాడే సంతకం చేయించుకోండి.